లింకుల యిచ్చిపుచ్చుకోలు

పోచంపల్లి నేతవారి కుటుంబమునకు జెందిన మా పూర్వవిద్యార్థి యొకడు, తమ యింట నేసిన ఇక్కత్ చీరల నమ్ముటకై వెబ్‌సైటు నొకదానిని పెట్టెను. 2011వ సంవత్సరాంతమున నతనికొక జాబు వచ్చెను. మీరు మా లింకు పెట్టినచో మీ లింకును రెండువందల వెబ్‌సైట్లలో పెట్టింతుము, గూగుల్‌లో మీ పేరు పైకి వచ్చునని దాని సారాంశము. అతడు సమ్మతించెను. మరుసటి వేసవిలో, వెదకినవారికి అతని చీరలు కానరాకపోయెను. రెండు మగ్గములు పనిలేక నిలిచెను. అతడు మమ్మడుగగా మేము విచారించి తెలిసికొన్నదానిని విద్యార్థులకొరకు వ్రాయుచున్నాము.

1998లో అమెరికాయందలి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అను నిరువురు తాము కనుగొనిన పద్ధతిని ప్రకటించిరి. దాని పేరు పేజ్‌ర్యాంక్. ఒక పుట మరియొక పుటకు లింకు పెట్టుట సాక్ష్యము చెప్పుటవంటిది. అయితే సాక్షులందరు సమానులు కారు. ఏ సాక్షిని గూర్చి పలువురు పెద్దలు సాక్ష్యమిత్తురో వాని మాటకే విలువ హెచ్చు. మరియు ప్రతిపుటయు తన విలువను తాను పెట్టిన లింకులన్నిటికిని పంచును. పది లింకులున్న పుటనుండి మనకు వచ్చునది పదింట నొకపాలు. వేయి లింకులున్న పుటనుండి వేయింట నొకపాలు. రెండువందలను మాట విని మురిసిన మావాడు ఈ భాగహారము చేసికొనడాయెను. లెక్కలలో నతడెన్నడును వెనుకబడినవాడు కాడు సుమా!

2002లో నదే విశ్వవిద్యాలయమున తాహెర్ హవేలీవాలా యను నాతడు, పుట విలువను విషయమునుబట్టి వేరువేరుగా గణించు మార్గమును చూపెను. నేతను గూర్చి నేత తెలిసినవాడు చెప్పిన మాటకు బలమెక్కువ యనుట మనకు క్రొత్త గాదు.

ఆ రెండువందల వెబ్‌సైట్లను మేము తెరచి చూచితిమి. అప్పులిచ్చువారివి, మాత్రలమ్మువారివి, జూదపుటాటలవి. చీర యను మాటయే లేదు. ప్రతిపుట యడుగున లింకులు కుప్పలుగా పోసియుండెను. 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అను మార్పును తెచ్చి, ఇట్టి కృత్రిమపు లింకులుగల వెబ్‌సైట్లను క్రిందికి ద్రోసెను. 2016 నుండి అది యట్టి లింకులను చాలవరకు లెక్కింపక విడుచుచున్నది. అయినను మితిమీరిన లింకుల మార్పిడి దాని నియమములకు నేటికిని విరుద్ధమే.

మరి యెవరితో పొత్తు తగును? గూగులే లేకున్నను ఈ లింకు మన చదువరికి పనికివచ్చునా యని ముందుగా నడుగవలెను. నీలిరంగు తయారుచేయువాడు, రవికెలు కుట్టువాడు, పోచంపల్లికి వచ్చు యాత్రికులకు దారి చెప్పువాడు, వీరి పుటలు చీర కొనువానికి నుపయోగించును. పిమ్మట ఆ వెబ్‌సైటును స్వయముగా చదువవలెను. క్రొత్త సంగతులు చేరుచున్నవా? దాని పేరుతో వెదకిన నది దొరకుచున్నదా? మన లింకు వాక్యముల నడుమ నుండునా, అడుగున కుప్పలో పడునా? సొమ్మిచ్చి పెట్టించుకొను లింకు వేరు. అట్టిదానికి ప్రకటన యని గుర్తు పెట్టవలెను.

మావాడు లింకులు తీసివేయుడని జాబులు వ్రాసెను, బదులిచ్చినవారు కొలదిమంది. తక్కినవానిని లెక్కింపవలదని 2012 అక్టోబరులో గూగుల్ కల్పించిన సాధనముద్వారా తెలియజేసెను. మరల పైకివచ్చుటకు ఏడాదికి మించి పట్టెను. ఇప్పుడతని పుటలో నాలుగే లింకులు గలవు. అందొకటి ప్రక్కయూరి అద్దకపువానిది. అతని రంగు కుండలను మావాడు స్వయముగా పోయి చూచివచ్చెను.