తుఫాను తరువాత కొట్టు

శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం అనే ప్రాంతం ఉంది. అక్కడ కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు ఎక్కువ. దగ్గరలోనే పలాస. పలాస జీడిపప్పుకు పేరు. అక్కడి ఫ్యాక్టరీల్లో పిక్కలు కొట్టేది, పొట్టు తీసేది, గుండ్లు, బద్దలు వేరు చేసేది చాలావరకు ఆడవాళ్లే.

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140 కిలోమీటర్లకు పైగా వీచింది. కొబ్బరిచెట్లు, జీడిచెట్లు కూలిపోయాయి. కరెంటు స్తంభాలు పడిపోయాయి. చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు.

చెట్టు పడితే రైతుకే నష్టం అనుకుంటాం. అంతేనా? చూద్దాం.

ఉద్దానంలో ఒక పల్లె అనుకుందాం. అక్కడ ఒక ఆమె చిన్న కిరాణా కొట్టు నడుపుతోంది. తుఫానుకు కొట్టు రేకులు లేచిపోయాయి. వాన లోపలికి కొట్టింది. నేలమీది బియ్యం బస్తా, పంచదార, ఉప్పు తడిసిపోయాయి. మూత ఉన్న డబ్బాల్లోని పప్పులు మాత్రం మిగిలాయి.

నాలుగు రోజుల్లో రేకులు కప్పించింది. కొట్టు తెరిచింది. కానీ కొనేవాళ్లు ఏరి? తోటలు పడిపోయాయి, తోటపని లేదు. కరెంటు లేదు, ఫ్యాక్టరీ పని లేదు. కూలి లేదు. కూలి లేకపోతే కొట్టుకు బేరం లేదు. ఒక్క రాత్రి గాలి చేసిన నష్టం కన్నా, ఆ తరువాత పని లేని రోజులు చేసే నష్టమే చిన్న వ్యాపారాన్ని ఎక్కువగా ముంచుతుంది.

పక్కింటామె వచ్చింది. ఆమె జీడి ఫ్యాక్టరీలో పొట్టు తీస్తుంది.

“వదినా, పాత బాకీ ఇప్పుడు ఇవ్వలేను. పిల్లలకి రెండు కేజీల బియ్యం కావాలి.”

“బాకీ పుస్తకంలో ఉందిలే. ఎక్కడికీ పోదు. కానీ సరుకు అయిపోతే నేనెక్కడ తేను?”

“ఏటి చెయ్యమంటావు వదినా? ఫ్యాక్టరీ తెరిస్తేనే కదా కూలి!”

ఇదివరకు కొట్టు ఆమె అరువులు గోడమీద బొగ్గుతో గీతలు గీసేది. చదువు నేర్చుకున్నాక పుస్తకంలో రాస్తోంది. పేరు, తేదీ, సరుకు, డబ్బు. ఆ పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టింది. గోడమీది గీతలే అయితే ఆ వానకు నిలిచేవా?

ఆ పుస్తకం పట్టుకుని ఆమె పలాస షావుకారు దగ్గరికి వెళ్లింది. ఊరివాళ్లు తనకు ఇవ్వాల్సిన డబ్బు చూపించింది. షావుకారు సగం సరుకు అరువు ఇచ్చాడు. మిగతా సగానికి పొదుపు సంఘంలో అప్పు తీసుకుంది. బ్యాంకులో పాత అప్పు కూడా ఉంది. విపత్తు వచ్చిన చోట బ్యాంకులు అప్పు గడువు పెంచే పద్ధతి ఉంది. అయితే ఇంటికి వచ్చి ఎవరూ చెప్పరు. మనమే వెళ్లి అడగాలి, అర్జీ రాసి ఇవ్వాలి. ఆమె రాసి ఇచ్చింది.

ఊళ్లో మాత్రం ఒక మాట చెప్పింది. బియ్యం, పప్పు, నూనెకే అరువు. అదీ ఇంటికి ఇంత అని. ఇది కష్టమైన మాటే. ఆకలితో వచ్చిన మనిషికి లెక్క చెప్పడం ఎవరికి ఇష్టం? కానీ కొట్టు మూతపడితే ఆ రెండు కేజీలు కూడా పుట్టవు.

ఆమె కొట్టుకు బీమా లేదు. కొట్టుకూ సరుకుకూ బీమా చేయించుకోవచ్చు. కాగితంలో తుఫాను, వరద అనే మాటలు ఉన్నాయో లేదో చదివి చూసుకోవాలి. నష్టం జరిగిన వెంటనే బీమా కంపెనీకి తెలపాలి. తడిసిన సరుకు పారేయకముందే ఫొటో తీయించాలి. కొన్న బిల్లులు దాచాలి.

ఫ్యాక్టరీలకు ఒక వీలుంది. పలాసకు ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిక్కలు వస్తాయి. ఇక్కడి చెట్లు పడినా, కరెంటు వస్తే పని సాగుతుంది. సొంత తోటనే నమ్ముకున్న ఇంటికి ఆ వీలు లేదు. జీడిమొక్క నాటితే కాపుకు మూడు నాలుగేళ్లు. నాటు కొబ్బరికి ఆరేడేళ్లు. అందాకా ఆ ఇల్లు కూలికి పోవాలి, లేదా మొక్కల మధ్య వేరే పంట వేసుకోవాలి.

కరెంటు వచ్చాక పక్కింటామె పనికి వెళ్లింది. మొదటి కూలిలో యాభై రూపాయలు తెచ్చి బాకీకి జమ కట్టింది. కొట్టు ఆమె పుస్తకంలో రాసింది. పక్కింటామె కూడబలుక్కుని చదివి, సరిగ్గా రాసిందో లేదో చూసుకుంది.

మాట్లాడుకోండి:
మీ ఊరికి తుఫానో, వరదో, కరువో వచ్చినప్పుడు ఏ పనులు ఆగిపోయాయి? ఎన్ని రోజులు?
మీ ఇంట్లో తడవకుండా దాచాల్సిన కాగితాలు ఏవి? పేర్లు రాయండి.