పథ్యమూ ప్రసాదమూ – పేగు వాపు జబ్బు ఉన్నవారి పండుగ భోజనం

శరన్నవరాత్రులు వచ్చాయంటే ఆలయంలో రోజుకొక నైవేద్యం. పులిహోర, దద్ధ్యోజనం, చక్కెర పొంగలి, అల్లం గారెలు, కొబ్బరి అన్నం, శనగల గుగ్గిళ్ళు. అందరూ ఆనందంగా తింటూ ఉంటే ఒకరిద్దరు మాత్రం ప్లేటులో ఉన్నదాన్ని అటూ ఇటూ కదుపుతూ కూర్చుంటారు. "ప్రసాదం వద్దనకూడదమ్మా" అని పెద్దవాళ్ళు మరో గరిటె వేస్తారు. ఆ అమ్మాయికి క్రోన్స్ జబ్బో, అల్సరేటివ్ కొలైటిస్సో ఉండవచ్చు. విరేచనాల సంగతి పదిమందిలో చెప్పుకునేది కాదు గనుక ఆమె నోరు విప్పదు. ఈ సంచికలో ఆ జబ్బు గురించి, దానికి తగిన ఆహారం గురించి తెలుసుకుందాం.

ఈ రెండు జబ్బులనూ కలిపి ఇక్కడి డాక్టర్లు ఐ.బి.డి. అంటారు. ఐ.బి.ఎస్. అనేది వేరు. అందులో కడుపు నొప్పి, ఉబ్బరం ఉంటాయి గానీ పేగులో పుండు పడదు. ఐ.బి.డి.లో శరీరపు రక్షణ శక్తే పేగు గోడ మీద తిరగబడి వాపు, పుళ్ళు తెస్తుంది. కొలైటిస్ అంటే పెద్దపేగు పూత. అది పెద్దపేగుకే పరిమితం. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. చిన్నపేగు చివరి భాగంలో ఎక్కువగా వస్తుంది. న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో బరిల్ క్రోన్ అనే వైద్యుడు 1932లో ఇద్దరు సహచరులతో కలిసి దీన్ని వివరించారు కనుక ఆ పేరు వచ్చింది.

ఇది తెల్లవాళ్ళ జబ్బు, మనకు రాదు అనుకోవద్దు. ఇంగ్లండులోని లెస్టర్ ప్రాంతంలో జరిగిన పరిశీలనలలో, అక్కడ స్థిరపడిన భారతీయ కుటుంబాలలో కొలైటిస్ స్థానికులకన్నా ఎక్కువగా కనిపించింది. 2021లో 21 దేశాలలో లక్షమందికి పైగా వ్యక్తులపై జరిగిన అధ్యయనం ప్రచురితమైంది. ఫ్యాక్టరీలో తయారైన ప్యాకెట్ తిండి, కూల్ డ్రింకులు ఎక్కువగా తీసుకునేవారిలో ఈ జబ్బు ఎక్కువగా వచ్చినట్టు అందులో తేలింది. మన పిల్లల లంచ్ బాక్సులు ఒకసారి చూసుకుంటే మంచిది. మలంలో రక్తం, రాత్రి నిద్రలోంచి లేచి పరుగెత్తవలసి రావడం, బరువు తగ్గడం, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం – ఇవి కనిపిస్తే "వేడి చేసిందిలే" అని మజ్జిగ ఇచ్చి ఊరుకోకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. పేగులో వాపు ఉందో లేదో తెలుసుకోవడానికి కాల్‌ప్రొటెక్టిన్ అనే మలపరీక్ష ఉంది.

ఇక ఆహారం. మన పెద్దలు 'మందూ, పథ్యమూ' అని రెండింటినీ జంటగా చెప్పేవారు. మందు మానేసి పథ్యం మాత్రమే చేయమని ఎవరూ అనలేదు. ఇప్పుడు జరుగుతున్నది దానికి తలకిందులు. ఎవరో ఏదో రసం తాగితే తగ్గిందన్నారని మందు మానేస్తారు. కొలైటిస్ సద్దుమణిగిన రోజుల్లో మెసలజీన్ మాత్రలు వేసుకునేది జబ్బు మళ్ళీ తిరగబెట్టకుండా ఉండడానికే. బాగున్నాం కదా అని వాటిని ఆపినవాళ్ళకు తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

జబ్బు తిరగబెట్టినప్పుడు పేగుకు తేలికైనది, శరీరానికి బలమైనది కావాలి. మెత్తగా ఉడికించిన అన్నం, పెసరపప్పు కట్టు, చెక్కు తీసి గింజలు తొలగించిన సొరకాయ, బీరకాయ, పండిన అరటిపండు, తినేవారికి గుడ్డు. సగ్గుబియ్యం జావ తేలికే గానీ అందులో దాదాపు అంతా పిండిపదార్థమే. రోజుల తరబడి దాని మీదే ఉంటే మనిషి నీరసించిపోతాడు. ఈ జబ్బులో మాంసకృత్తుల అవసరం మామూలుకన్నా ఎక్కువ. పాలు పడనివారు మనలో చాలామంది. వారికి కూడా పెరుగు చాలావరకు సరిపడుతుంది. ఆవకాయ వల్లనే జబ్బు వచ్చిందనడానికి రుజువు లేదు. కాకపోతే పచ్చిపుండులాంటి పేగు మీద కారం మంట పెడుతుంది. సద్దుమణిగేదాకా జాడీకి కాస్త దూరంగా ఉండండి.

సద్దుమణిగిన తరువాత కూడా అదే చప్పిడి తిండి మీద ఉండిపోవడం పొరపాటు. ఆకుకూరలు, పప్పులు, పండ్లు ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెట్టాలి. ధాన్యమంతా మానేయాలని చెప్పే ఒక పథ్యాన్నీ, కూరలు, పప్పులు, ధాన్యాలు, పండ్లు, ఆలివ్ నూనె ఉండే మధ్యధరా దేశాల భోజనాన్నీ క్రోన్స్ ఉన్నవారిలో ఆరు వారాలు పోల్చి చూసిన అమెరికా పరిశోధన 2021లో వెలువడింది. రెండింటి ఫలితం ఇంచుమించు ఒకటే. అంటే, అన్నం మానుకునే కష్టం ఎవరూ పడనక్కరలేదు!

క్రోన్స్ వల్ల పేగు సన్నబడినవారి సంగతి మాత్రం వేరు. తొక్కతో ఉన్న గుగ్గిళ్ళు, పచ్చికొబ్బరి, మునక్కాడ పీచు, మొక్కజొన్న వారికి అడ్డుపడే ప్రమాదం ఉంది. అడ్డుపడితే అది ఆసుపత్రి వ్యవహారం.

శాకాహారులు బి12 గురించి ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఆ విటమిన్ శరీరానికి పట్టేది చిన్నపేగు చివరి భాగంలోనే. క్రోన్స్ కూర్చునేదీ అక్కడే. అసలే మన భోజనంలో అది తక్కువ. ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేసినవారికి ఇంజెక్షన్లు తప్పకపోవచ్చు. బి12తో పాటు ఐరన్, విటమిన్ డి కూడా పరీక్ష చేయించమని డాక్టరును మీరే అడగండి.

ఆహారమే ముఖ్యమైన మందుగా పనిచేసే సందర్భం ఒకటుంది. క్రోన్స్ ఉన్న పిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాలు మామూలు తిండి పూర్తిగా ఆపి, మాడ్యులెన్ వంటి పోషక పానీయం మాత్రమే ఇస్తారు. డాక్టరు, డైటీషియన్ పర్యవేక్షణలో చేసే ఈ చికిత్స స్టెరాయిడ్లతో సమానంగా వాపును తగ్గిస్తుంది. పిల్లల ఎదుగుదలకు దెబ్బ తగలదు. కొలైటిస్‌కు మాత్రం ఇది పనిచేయదు. ఆ వారాల్లో దసరా వస్తే అమ్మమ్మగారికి ముందే చెప్పి ఉంచండి. "ఒక్క ముద్దే కదా" అంటారు, ప్రేమకొద్దీ. ఆ బిడ్డ ప్రసాదాన్ని కళ్ళకద్దుకుని అమ్మ చేతికిస్తే చాలు. అమ్మవారికి కోపం రాదు.

ఉపవాసాల విషయంలోనూ అంతే. పిల్లలకూ, వృద్ధులకూ, రోగులకూ కఠిన నియమం లేదని మన పెద్దలు ఎప్పటినుంచో చెబుతున్నారు. విరేచనాలవుతున్నవారు నీళ్ళు కూడా మానేస్తే మూత్రపిండాలకు ముప్పు. స్టెరాయిడ్ మాత్రలు ఏదైనా తిన్న తరువాతే వేసుకోవాలి, హఠాత్తుగా ఆపనే కూడదు. ఉండి తీరాలనుకుంటే డాక్టరును అడిగి, మాత్రల వేళలు తప్పకుండా పాలో పండో తీసుకుని ఉండండి.

వంటశాల సేవకులకు ఒక విన్నపం. దద్ధ్యోజనంలో పచ్చిమిరపకాయలు, తాలింపు కలిపే ముందు ఒక చిన్న గిన్నెడు విడిగా తీసి ఉంచితే అడిగినవారికి ఇవ్వవచ్చు. గారెలు, గుగ్గిళ్ళు వద్దన్నవారిని కారణం అడగకండి. పూజ జరిగే రోజుల్లో హాలు వెనుక టాయిలెట్లకు వెళ్ళే దారిలో కుర్చీలు పేర్చకండి. ఎవరైనా వరుస దాటి ముందుకు వెళ్ళవలసి వస్తే దారి ఇవ్వండి.