మన కండ్లు – మన అలవాట్లు

కంటిని గూర్చి వ్యాసమంటే ఒక సంస్కృత వాక్యంతో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఈ సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు నాకు మాత్రం మా చిన్నాయన ఎడమకన్ను గుర్తుకు వచ్చింది. నేను జంతుశాస్త్రం పాఠాలు చెప్పుకొనేవాడినే గాని డాక్టరును కాను. కనుక చికిత్సల జోలికి ఎక్కువగా పోకుండా, మా జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల వైపు కండ్లకు మనం రోజూ చేసుకొంటున్న అపకారాన్ని గురించే మనవి చేస్తాను.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. శెనక్కాయ కట్టె వామి వేసేటప్పుడు చిన్నాయన కంట్లో పుల్ల గీసుకొంది. "ఏం కాదులేప్పా" అని తుండుగుడ్డతో బాగా నలిపినాడు. రాత్రికి కన్ను ఎర్రబడింది. జేజి నందివర్ధనం పూల రసం పిండింది. మరునాడు మందుల అంగట్లో డాక్టరు చీటీ లేకుండానే చుక్కలమందు తెచ్చుకొన్నాడు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది. అందరం సంతోషించినాం. పదో రోజుకు నల్లగుడ్డు మీద తెల్లమచ్చ లేచింది. ఆసుపత్రికి పోయేసరికే ఆలస్యమైంది, పువ్వు పడింది. ఆ కంటికి ఇప్పుడు వెలుతురు తెలుస్తుంది గాని మనిషి ఆనడు. ఆ సీసాలో ఉన్నది స్టెరాయిడ్ అని మాకు తర్వాత తెలిసింది.

జరిగిందేమిటంటే, నల్లగుడ్డును కప్పి ఉండే కార్నియా మందం సుమారు అర మిల్లీమీటరే. పారదర్శకంగా ఉండడం కోసం దానికి రక్తనాళాలు కూడా లేవు. పైపొర గీసుకొంటే చాలు, ఆకులోనూ మట్టిలోనూ ఉండే బూజు జాతి క్రిములు లోపలికి దిగుతాయి. నలిపితే గీత పెద్దదవుతుంది. పూల రసం, తేనె, చనుబాలు ఎంత ప్రేమతో పోసినా కొత్త క్రిములను తెచ్చిపెట్టవచ్చు. ఇక స్టెరాయిడ్ ఎరుపును అణుస్తుంది, దానితోపాటే క్రిములతో శరీరం చేసే పోరాటాన్నీ అణుస్తుంది. బూజుకు అడ్డు లేకుండా పోతుంది. అవే చుక్కలను నెలల తరబడి వాడితే కంటిలోపలి ఒత్తిడి పెరిగి నీటికాసులు, మరికొందరికి శుక్లాలు వస్తాయి. నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు. పక్కింటివాళ్ళకు పనిచేసిందని మిగిలిన సగం సీసా అడిగి తెచ్చుకొనేవాళ్ళు మన వీధుల్లో ఎందరు లేరు!

కంట్లో పుల్లో ఆకో గీసుకొంటే నలపకుండా మంచినీళ్ళతో కడిగి ఆ రోజే కంటి డాక్టరుకు చూపించాలి. అయితే ఒక్క సున్నం విషయంలో మాత్రం ఆసుపత్రికి పరుగెత్తడానికి ముందే చేయవలసిన పని ఉంది. పొగాకుతో పాటు అమ్మే సున్నం పొట్లాన్ని పిల్లలు నొక్కి ఆడుకొంటారు. అది చిట్లి కంట్లో పడుతుంది. సున్నం క్షారం గనుక పైన ఆగదు, పొరలను కరిగించుకొంటూ లోతుకు పోతుంది. అక్కడికక్కడే, రెప్పలు విప్పి పట్టుకొని, అరగంట పాటు చెంబు తర్వాత చెంబు నీళ్ళు పోయాలి. రెప్ప కింద ఇరుక్కొన్న సున్నపు ముక్కలను తడిగుడ్డతో తీసేయాలి. ఆసుపత్రి తర్వాత. నూనె, నెయ్యి వద్దు.

నాపబండలు కోసేచోట, పాలిష్ పట్టేచోట కండ్లద్దాలు ఇచ్చినా, చెమటకు మసకబారుతున్నాయని నొసటిమీదికి ఎత్తుకొంటారు. నొసటికేం ప్రమాదం! వెల్డింగ్ వెలుగును ఊరికే చూస్తూ నిలబడినా అతినీలలోహిత కిరణాలు కార్నియాను కమిలిస్తాయి. ఆ రాత్రంతా కండ్లలో ఇసుక పోసినట్లుంటుంది. పులివెందుల చీనీ తోటల్లో మందు కొట్టిన చేత్తోనే కన్ను తుడుచుకోవడం ఇంకొకటి.

విద్యార్థులు తమ సంగతి ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. మసక వెలుతురులో చదివితే కండ్లు పోతాయని మా నాయన తిట్టేవాడు. అలా చదివితే అలసట వస్తుంది గాని కన్ను పాడు కాదు. ఫోను చూసేటప్పుడు మనం రెప్పలు ఆర్పడం సగానికి సగం తగ్గుతుంది, అందుకే ఆ మంట. ఇరవై నిమిషాలకొకసారి తల ఎత్తి కిటికీ అవతలి చెట్టును చూస్తే చాలు. ఎదిగే పిల్లల సంగతి వేరు. ఎప్పుడూ దగ్గరి వస్తువులనే చూస్తూ నాలుగు గోడల మధ్య పెరిగితే దూరపుచూపు తగ్గుతుంది. అందుకే తైవాన్‌లో 2010లో బడిపిల్లలను రోజుకు 120 నిమిషాలు ఆరుబయట ఉంచే కార్యక్రమం పెట్టారు. మన పల్లెల్లో ఆరుబయట కొదవలేదు, పిల్లలే ఇండ్లలో ఉన్నారు.

ప్రొద్దుటూరు మగ్గాల దగ్గర ఇంకో సంగతి చూసినాను. నలభై దాటిన నేతగాడు పోగు ఆనక చేతిని దూరంగా చాపి చూస్తాడు గాని అద్దాలు పెట్టుకోడు. పెట్టుకొంటే చూపు ఇంకా తగ్గుతుందని భయం. చత్వారం వయసుతో వచ్చేది, అద్దాలతో పెరిగేది కాదు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరచూపు అద్దాలు ఇచ్చి చూశారు. 2018లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం అద్దాలు లేనివారితో పోలిస్తే వారు రోజుకు సుమారు ఐదు కిలోల ఆకు ఎక్కువ కోశారు. ఈ లెక్క చెబితే మా నేత మిత్రుడు నవ్వి, "అయితే ఒక జత తెప్పించు సార్, చూద్దాం" అన్నాడు. తెప్పించినాను.