ముందు తెలుగులో పోల్చండి

అమీర్‌పేటలో జావా, పైథాన్ బోర్డుల మధ్య జర్మన్ నేర్పుతామనే బోర్డులూ కనిపిస్తాయి. నార్వే వెళ్దామని నార్వేజియన్ నేర్చుకునే వాళ్ళకు అంత వీలు లేదు. యూసుఫ్‌గూడ హాస్టల్ గదిలో ఫోనే గురువు, ఇయర్‌ఫోన్లే తరగతి. నార్వే ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు 2023 నుంచి ఐరోపా బయటి విద్యార్థుల దగ్గర ఫీజు తీసుకుంటున్నాయి. అంత డబ్బు పోసి వెళ్ళాక నోరు పెగలకపోతే ఎలా?

నోరు ఎక్కువగా తడబడేది పోలికల దగ్గరే. కారణం, మనం ఇంగ్లీషు మీదుగా వెళ్ళడం. ఇంగ్లీషులో ‘లైక్’ అంటే ఇష్టమూ అవుతుంది, పోలికా అవుతుంది. నార్వేజియన్‌లో ‘లీకె’ కనబడగానే చుట్టం దొరికినట్టు సంబరపడి అన్నిచోట్లా వాడేస్తారు. కానీ దానికి ఇష్టపడటం అని, సమానంగా అని అర్థాలు. ‘చేపలా ఈదాడు’ అనాలంటే ‘సొమ్’ కావాలి. ఇక ‘లీక్’ అంటే ఒకేలా ఉన్నదనీ అర్థం, శవమనీ అర్థం. కాస్త చూసుకుని వాడండి!

ఇంగ్లీషును పక్కన పెట్టి తెలుగులో అనుకోండి, సగం చిక్కు విడిపోతుంది. ‘అన్నంత పొడుగు’ అంటే కొలత, వాళ్ళ ‘లీకె... సొమ్’ అందుకే ఉంది. ‘నాన్నను పోలి ఉన్నాడు’ అంటే రూపం. దానికి మనకున్నట్టే వాళ్ళకూ విడిగా క్రియ ఉంది, ‘లింగ్నె పో’. అసలు పరీక్ష ‘గా’, ‘లా’ల దగ్గర. టీచరుగా పనిచేశాను అనాలంటే ‘సొమ్ లేరెర్’. టీచరులా మాట్లాడాడు అనాలంటే ‘సొమ్ ఎన్ లేరెర్’. ఆ బుల్లి ‘ఎన్’ అనవసరంగా దూరిందా, ఉద్యోగం ఇంటర్వ్యూలో మీరు టీచరు కారు, టీచరు లాంటి వారు!

సామెతల్లాంటి మాటలను మాత్రం ముక్కకు ముక్క మార్చకండి. ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి మనం గుండ్రాయిలా ఉన్నాడంటాం. ఇంగ్లీషువాడు ఫిడేలంటాడు. నార్వేవాడికి చేప గుర్తొస్తుంది: ‘ఫ్రిస్క్ సొమ్ ఎన్ ఫిస్క్’. చేపలు పట్టి బతికిన దేశం మరి. ఒక్కోసారి మాత్రం మనమూ వాళ్ళూ ఒకే దుకాణంలో నిలబడ్డట్టుంటుంది. ఇద్దరూ ఇద్దరే అనడానికి మనం ‘ఆ తానులో ముక్కే’ అంటాం. వాళ్ళు ‘టూ ఆలెన్ ఆవ్ సమ్మె స్టిక్కె’ అంటారు, అంటే ఒకే గుడ్డలో రెండు ఆలెన్లు అని. ఆలెన్ మన మూరలాంటి పాత కొలత, దాదాపు 63 సెంటీమీటర్లు. ఇలాంటివి తెలుగు నుంచి నేరుగా పట్టుకుంటే మరిచిపోరు.

యూసుఫ్‌గూడ మెట్రో నుంచి అమీర్‌పేటకు మధ్యలో ఉన్నది మధురానగర్ ఒక్కటే. ఆ కాసేపట్లో మీ అమ్మ రోజూ వాడే రెండు పోలికలు గుర్తు తెచ్చుకోండి. కొలతా, రూపమా, చేసే పనా తేల్చుకుని నార్వేజియన్‌లో పైకే అనండి. పక్కవాళ్ళు వింతగా చూస్తే చూడనివ్వండి, వాళ్ళు మీ ఇంటర్వ్యూకి రారు.