నిప్పురవ్వకు తావివ్వని ముంగిలి

సంస్కృతంలో ‘దావ’ శబ్దానికి అడవి అనీ, అడవిని దహించే అగ్ని అనీ రెండర్థాలున్నాయి. అడవి ఉన్నచోట అగ్నిభయమూ ఉంటుందని ప్రాచీనులు ఎరుగుదురు. అడవి అంచున ఇల్లు కట్టుకొన్నవారు ఆ భయాన్ని మరచిపోతే ఏమవుతుందో ఇటీవలి ఒక ఉదంతం తెలియజేస్తుంది.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, సియెర్రా నెవాడా పర్వతపాదాన, పైన్ వృక్షాల నడుమ పారడైజ్ అనే పట్టణం ఉంది. ఆ పేరుకు స్వర్గమని అర్థం. 2018 నవంబరు 8వ తేదీ ఉదయం విద్యుత్తు తీగల వల్ల సమీపంలో పుట్టిన కార్చిచ్చు, పొడిగాలి తోడై కొన్ని గంటలలోనే ఆ పట్టణాన్ని కబళించింది. 85 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది వృద్ధులు. 18,000కు పైగా కట్టడాలు దగ్ధమయ్యాయి.

మంటలు చల్లారిన పిదప ఒక వింత దృశ్యం కనిపించింది. చాలాచోట్ల ఇల్లు బూడిదకుప్పగా మారింది. దాని పక్కనున్న చెట్టు మాత్రం పచ్చగానే నిలిచి ఉంది! మంట గోడవలె కదలివచ్చి ఇళ్ళను కాల్చలేదన్నమాట. గాలిలో ఎగిరివచ్చిన నిప్పురవ్వలు చూరులోని ఎండుటాకులపై, గోడకు ఆనించిన కట్టెలపై, కిటికీ కింది పొదలపై పడ్డాయి. అంటుకొన్న ఇల్లు పొరుగింటిని అంటించింది.

జాక్ కోహెన్ అనే అగ్నిశాస్త్రజ్ఞుడు ఈ విషయాన్ని చాలాకాలం ముందే గ్రహించాడు. 1990వ దశకం చివర కెనడా అడవిలో చెక్కగోడలు నిలిపి, చెట్ల కొనలదాకా మంటలు లేచేటట్లు అడవిని తగులబెట్టి పరిశీలించారు. 10 మీటర్ల దూరంలోని గోడలు కొన్ని అంటుకొన్నాయి. 30 మీటర్ల దూరంలోనివి అంటుకోలేదు.

కాలిఫోర్నియా చట్టం 2005 నుండి ఇంటి చుట్టూ 100 అడుగుల మేర ఎండుగడ్డిని, దట్టమైన పొదలను తగ్గించాలని నిర్దేశిస్తున్నది. గోడను ఆనుకొన్న 5 అడుగులలో రవ్వకు అంటుకొనేదేదీ ఉండరాదన్న భావనకు 2020లో చేసిన చట్టం పునాది వేసింది. మన పల్లెలలో గడ్డివామును ఇంటికి ఎడంగా వేసే రైతుకు ఈ సూత్రం కొత్తది కాదు.

అట్లని నేలను బోడి చేయమని కాదు. మంటకు మెట్లు లేకుండా చేయడమే ఇందులోని కీలకం. గడ్డి నుండి పొదకు, పొద నుండి కొమ్మకు అగ్ని ఎగబాకుతుంది. అందుకే గడ్డిని 4 అంగుళాలకు కోస్తారు. నేల నుండి 6 అడుగుల వరకు కొమ్మలు నరుకుతారు. పొదల మధ్య ఎడం విడుస్తారు. వాలు నేలలో మంట పైకి వేగంగా పాకుతుంది కనుక అక్కడ ఎడం మరింత పెంచాలి. వేళ్ళను పెకలించకపోతే మట్టి కొట్టుకుపోదు. కొండ మొత్తాన్ని చదును చేసినచోట త్వరగా ఎండే కలుపుగడ్డి మొలచి ముప్పును పెంచిన సందర్భాలూ ఉన్నాయి. ఉత్సాహానికి హద్దు అవసరం. గడ్డి కోయడానికీ వేళ ఉంది: కోతయంత్రపు రేకు రాతికి తగిలి నిప్పు రాలే ప్రమాదం ఉన్నందున ఉదయం 10 గంటలలోపే ముగించమంటారు.

అయితే నిచ్చెన ఎక్కి చూరు శుభ్రం చేసుకొనే ఓపిక వృద్ధులకు ఉండదు. వారి ఇంటిపై పడిన రవ్వ వారితో ఆగదు. కనుక ఇది ఏ ఒక్క ఇంటి పనీ కాదు. ఒక్క ఏటితో తీరే పనీ కాదు. అక్కడ శీతకాలపు వానలకు గడ్డి ఏపుగా పెరుగుతుంది, వేసవి రాకముందే ఎండుతుంది. కొన్ని ఊళ్ళలో మేకల మందలను బాడుగకు తెచ్చి ఏటేటా ఆ వాలులలో మేపుతున్నారు.