పాఠం 17: సైకిల్‌పై బస్తర్ – దారిని ఎంచుకోవడం, కాలాన్ని లెక్కగట్టడం

17.1 పరిచయం

మనలో చాలామందికి సైకిల్ కొత్త కాదు. పొలానికి, బడికి, సంతకు, పనికి సైకిల్ మీదనే వెళ్లివస్తాం. అయితే ఒక ప్రాంతాన్ని చూడటానికి, అక్కడి మనుషులను తెలుసుకోవడానికి రెండు మూడు రోజులు సైకిల్ మీద ప్రయాణించడం వేరు. దానికి బలమైన కాళ్లు మాత్రమే చాలవు. దూరాన్ని, పగటి వెలుతురును, నీళ్లను ముందుగానే లెక్క వేసుకోవాలి. ఈ లెక్క తప్పితే అడవి దారిలో చీకటి పడుతుంది.

ఈ పాఠంలో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బస్తర్ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకొని ఆ పద్ధతిని నేర్చుకుందాం.

17.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మంచి సైకిల్ దారికి ఉండవలసిన లక్షణాలు చెప్పగలుగుతారు.
• బస్తర్ నేల తీరును, ముఖ్యమైన దారులను వివరించగలుగుతారు.
• దూరం, వేగం, విశ్రాంతి ఆధారంగా ప్రయాణ కాలాన్ని లెక్కించగలుగుతారు.
• తిరుగు ప్రయాణం ఎప్పుడు మొదలుపెట్టాలో నిర్ణయించగలుగుతారు.
• ఊళ్ల గుండా వెళ్లేటప్పుడు పాటించవలసిన మర్యాదలను గుర్తించగలుగుతారు.

17.3 మంచి సైకిల్ దారి అంటే ఏమిటి?

సైకిల్ యాత్రలకు పేరు పొందిన దేశం ఫ్రాన్స్. అక్కడ లువార్ నది వెంట సుమారు 900 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది. దక్షిణాన మిది కాలువ 1681లో పూర్తయింది. దాని పొడవు సుమారు 240 కిలోమీటర్లు. ఒకప్పుడు గుర్రాలు గట్టు మీద నడుస్తూ పడవలను లాగేవి. ఆ గట్ల మీద ఇప్పుడు సైకిళ్లు తిరుగుతున్నాయి.

ఈ దారులను గమనిస్తే నాలుగు లక్షణాలు కనిపిస్తాయి.
1. లారీలు, బస్సులు తక్కువగా ఉంటాయి.
2. మలుపుల దగ్గర దారి చూపే గుర్తులు ఉంటాయి.
3. తగినంత దూరంలో తిండి, బస, సైకిల్ మరమ్మతు దొరుకుతాయి.
4. దారి ఊళ్లను తప్పించుకొని పోదు. యాత్రికుని ఖర్చు ఊరివారికి ఆదాయమవుతుంది.

ఫ్రాన్సులో సైకిల్ యాత్రలకు ప్రచారం తెచ్చినవారిలో పాల్ ద వివీ (1853–1930) ముఖ్యుడు. ‘వెలోసియో’ అనే కలం పేరుతో ఆయన ప్రసిద్ధుడు. ఆకలి వేయకముందే తినాలి, దాహం వేయకముందే తాగాలి, అలసిపోకముందే ఆగాలి అన్నది ఆయన బోధన. ఇది ఏ దేశపు దారికైనా వర్తిస్తుంది. బస్తర్ ఎండలో మరీ వర్తిస్తుంది.

17.4 బస్తర్ నేల, దారులు

పూర్వపు బస్తర్ జిల్లా కేరళ రాష్ట్రం కంటే కొంచెం పెద్దది. 1998లో దానిని విభజించడం మొదలైంది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. ఇప్పుడు ఆ ప్రాంతంలో బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా అనే 7 జిల్లాలు ఉన్నాయి. ముఖ్య పట్టణం జగదల్‌పూర్. ఇది సముద్ర మట్టానికి సుమారు 550 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి మీద, ఇంద్రావతి ఒడ్డున ఉంది.

తెలుగువారికి ఈ ప్రాంతం పరాయిది కాదు. కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఓరుగల్లు నుంచి వచ్చి ఇక్కడ రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశపు కథనం. ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టిన ఇంద్రావతి బస్తర్ గుండా పారి చివరకు మన గోదావరిలో కలుస్తుంది. దక్షిణాన కోంటా, పడమర భోపాల్‌పట్నం ప్రాంతాలలో తెలుగు వినిపిస్తుంది. జగదల్‌పూర్ చుట్టుపక్కల హల్బీ, భత్రీ, గోండీ, హిందీ మాట్లాడతారు.

జాతీయ రహదారి 30 రాయపూర్ నుంచి కొండగావ్, జగదల్‌పూర్, సుక్మా, కోంటా, భద్రాచలం మీదుగా విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం చేరుతుంది. పటంలో ఇది అన్నిటికంటే సులభమైన దారిలా కనిపిస్తుంది. కాని దీని మీద లారీలు ఎక్కువ. కాంకేర్, కొండగావ్‌ల మధ్య కేశ్‌కాల్ ఘాట్‌లో 12 పెద్ద మలుపులు ఉన్నాయి. కొత్తవారు ఇలాంటి దారితో మొదలుపెట్టకూడదు.

కొత్తవారికి రెండు దారులు అనుకూలం.

(అ) చిత్రకోట దారి: జగదల్‌పూర్ నుంచి పడమరగా లోహండిగూడ మీదుగా సుమారు 38 కి.మీ. చివర ఇంద్రావతి సుమారు 29 మీటర్ల ఎత్తు నుంచి గుర్రపు నాడా ఆకారంలో దూకుతుంది. వానాకాలంలో నీరు ఎర్రగా ఉంటుంది. చలికాలంలో తేటపడి సన్నటి ధారలవుతుంది. లోహండిగూడ దగ్గర పొలాలను గమనించండి. ఉక్కు కర్మాగారం కోసం సేకరించిన భూములను కర్మాగారం రాకపోవడంతో 2019లో రైతులకు తిరిగి ఇచ్చారు. కారులో వెళ్లేవారికి అవి మామూలు పొలాలు. సైకిల్ దిగి మాట్లాడినవారికి వాటి కథ తెలుస్తుంది.

(ఆ) తీరథ్‌గఢ్ దారి: జగదల్‌పూర్‌కు నైరుతిగా సుమారు 36 కి.మీ. 1982లో ఏర్పడిన కాంగేర్ లోయ జాతీయ ఉద్యానంలో ఈ జలపాతం మెట్లు మెట్లుగా జారుతుంది. దారిలో ఎత్తుపల్లాలు ఉంటాయి. ఇదే ఉద్యానంలోని కొటుమ్సర్ గుహలో చూపులేని చేపలు ఉన్నాయి. వానాకాలంలో గుహను మూసివేస్తారు.

వానలు వెనక్కుపోయి, నదుల్లో ఇంకా నీరున్న నవంబరు, డిసెంబరు నెలలు ఈ ప్రయాణానికి మేలు.

పాఠగత ప్రశ్నలు 17.1
1. మంచి సైకిల్ దారికి ఉండవలసిన నాలుగు లక్షణాలు ఏవి?
2. జాతీయ రహదారి 30 కొత్తవారికి ఎందుకు తగదు?
3. ఇంద్రావతి ఎక్కడ పుట్టి ఏ నదిలో కలుస్తుంది?

17.5 చీకటి నుంచి వెనక్కు లెక్క

చాలామంది “ఎప్పుడు బయలుదేరాలి?” అని మాత్రమే ఆలోచిస్తారు. “ఎప్పుడు వెనక్కు తిరగాలి?” అన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. చిత్రకోట దారితో ఈ లెక్క చూద్దాం.

సామాను కట్టిన సైకిల్ మీద మామూలు మనిషి గంటకు 12 కి.మీ. వెళ్తాడనుకుందాం.

తొక్కే కాలం: 38 ÷ 12 = సుమారు 3 గంటల 10 నిమిషాలు.
విశ్రాంతి: గంట తొక్కిన ప్రతిసారీ 10 నిమిషాలు. మొత్తం 30 నిమిషాలు.
ఒకవైపు ప్రయాణం: 3 గంటల 40 నిమిషాలు.

ఉదయం 7.00 గంటలకు బయలుదేరితే 10.40కి చేరుతారు. డిసెంబరులో అక్కడ సాయంత్రం సుమారు 5.30కి సూర్యాస్తమయం. కనీసం అరగంట ముందే, అంటే 5.00కి జగదల్‌పూర్ చేరాలి. 5.00 నుంచి 3 గంటల 40 నిమిషాలు తీసివేస్తే 1.20. పంక్చర్ పడితే ఆలస్యమవుతుంది కనుక ఇంకో 30 నిమిషాలు తీసివేయాలి. 12.50 వస్తుంది. కాబట్టి జలపాతం ఎంత బాగున్నా, భోజనం కాకపోయినా, మధ్యాహ్నం 12.50కి సైకిల్ ఎక్కవలసిందే.

ఉదయం 9.00కి బయలుదేరినవారి సంగతి ఏమిటి? వారు 12.40కి చేరుతారు. చూడటానికి మిగిలేది 10 నిమిషాలే. అటువంటప్పుడు రెండు మార్గాలున్నాయి: ఆ రోజు ప్రయాణం మానుకోవడం, లేదా చిత్రకోటలో రాత్రి ఉండటం. అక్కడ రాష్ట్ర పర్యాటక సంస్థ విడిది ఉంది. గది దొరుకుతుందో లేదో బయలుదేరకముందే తెలుసుకోవాలి. ఒక్క రోజులో 76 కి.మీ. తొక్కే అలవాటు లేనివారికి రాత్రి ఆగడమే మంచిది.

17.6 వెంట తీసుకుపోవలసినవి

నీరు: తొక్కే ప్రతి గంటకూ ముప్పావు లీటరు చొప్పున ఒకవైపుకు కనీసం రెండున్నర లీటర్లు.
తిండి: అటుకులు, బెల్లం, వేయించిన శనగలు, అరటిపళ్లు.
సైకిల్ సామాను: అదనపు ట్యూబు, గాలి పంపు, పంక్చర్ అతుకులు, సొల్యూషన్, స్పానర్లు.
ఇతరాలు: గుర్తింపు కార్డు, టార్చిలైటు, కాగితం మీద గీసుకున్న పటం. అడవిలో ఫోను సిగ్నల్ అన్నిచోట్లా అందదు.

బయలుదేరే ముందు రోజే బ్రేకులు, చైను, టైర్లు చూసుకోండి. పల్లం దిగేటప్పుడు బ్రేకును ఏకధాటిగా పట్టి ఉంచవద్దు. రెండు బ్రేకులనూ పట్టి విడుస్తూ, వేగం పెరగకముందే తగ్గించుకోండి.

17.7 భద్రత

బస్తర్ కొన్ని దశాబ్దాలపాటు మావోయిస్టులకు, ప్రభుత్వ బలగాలకు మధ్య సాయుధ ఘర్షణను చూసింది. 2013 మే 25న జగదల్‌పూర్–సుక్మా రహదారిపై జీరం లోయలో జరిగిన దాడిలో అనేకమంది రాజకీయ నాయకులు, ఇతరులు చనిపోయారు. అడవి బాటల్లో పాతిన మందుపాతరలకు ఊరివారూ బలయ్యారు. కనుక ఈ నియమాలు తప్పనిసరి.
• బయలుదేరకముందు దారి పరిస్థితిని పోలీసు ఠాణాలో, స్థానికుల వద్ద తెలుసుకోవాలి.
• తారు రోడ్డు దిగి తెలియని కాలిబాట పట్టకూడదు.
• ఉద్యానంలో అటవీ శాఖ అనుమతి, నియమాలు పాటించాలి.
• ఒంటరిగా వెళ్లకూడదు. ఎప్పటికి తిరిగి వస్తారో ఒకరికి చెప్పి వెళ్లాలి.

ఊరివారు “ఈ దారిన వద్దు” అంటే కారణం అడిగి వాదించవద్దు. వెనక్కు తిరగండి.

17.8 ఊళ్లో మన నడవడిక

వారపు సంత బస్తర్ జీవితానికి కేంద్రం. ఇప్పపువ్వు, చింతపండు, అడవి దుంపలు, ఎర్రచీమల పచ్చడి అక్కడ చూస్తారు. సల్ఫీ అనే పానీయం మన ఏజెన్సీవారు గీసే జీలుగు కల్లే. సంతకు వచ్చినవారు మన వినోదం కోసం రాలేదు; బతుకు అవసరాల కోసం వచ్చారు. అడగకుండా ఫొటోలు తీయకూడదు. ఊరి దేవగుడిలోకి పిలవనిదే అడుగుపెట్టకూడదు. బేరమాడేటప్పుడు, ఆ బుట్ట నిండటానికి ఒక స్త్రీ అడవిలో ఎంతసేపు నడిచిందో గుర్తుంచుకోవాలి.

బస్సు యాత్రికుడు తన డబ్బును జలపాతం దగ్గరే ఖర్చు చేస్తాడు. సైకిల్ యాత్రికుడు దారి పొడవునా ఆగుతాడు. ఒక ఊళ్లో టీ, ఇంకో ఊళ్లో భోజనం, మరో ఊళ్లో పంక్చర్. ఇలా అతని ఖర్చు చిన్న ఊళ్లకు చేరుతుంది. యాత్రికుల వల్ల ఊరు నిలదొక్కుకోగలదనడానికి కాంగేర్ లోయలోని ధుడ్‌మారాస్ ఉదాహరణ. అక్కడ గ్రామస్థులే నదిలో వెదురు తెప్పలు నడుపుతూ యాత్రికులను ఆదరిస్తున్నారు. 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ తన ఉత్తమ పర్యాటక గ్రామాల అభివృద్ధి కార్యక్రమానికి ఎంచుకున్న 20 గ్రామాలలో ఇది ఒకటి.

మీ ఊరు కూడా ఒక దారి మీదనే ఉంది. యాత్రికుడు ఆగితే మీరు ఏమి చూపగలరో, ఏమి అమ్మగలరో, ఏది చూపకూడదని అనుకుంటారో ఆలోచించండి. చివరి ప్రశ్నకు మీ జవాబు తెలిస్తే, ఇతరుల ఊళ్లో ఎలా నడుచుకోవాలో మీకు ఎవరూ చెప్పనవసరం లేదు.

పాఠగత ప్రశ్నలు 17.2
1. తిరుగు ప్రయాణ లెక్కలో అదనంగా 30 నిమిషాలు ఎందుకు తీసివేశాం?
2. సైకిల్ యాత్రికుని ఖర్చు చిన్న ఊళ్లకు ఎలా చేరుతుంది?

17.9 మీరు ఏమి నేర్చుకున్నారు

• తక్కువ రద్దీ, గుర్తులు, వసతి, ఊళ్లకు మేలు – ఇవి మంచి దారి లక్షణాలు.
• పటంలో తిన్నగా కనిపించే దారి సైకిల్‌కు మంచిది కాకపోవచ్చు.
• ప్రయాణ కాలాన్ని సూర్యాస్తమయం నుంచి వెనక్కు లెక్కించాలి.
• స్థానికుల మాట పటం కంటే నమ్మదగినది.

17.10 పాఠాంత ప్రశ్నలు

1. తీరథ్‌గఢ్ దారి 36 కి.మీ. ఎత్తుపల్లాల వల్ల వేగం గంటకు 10 కి.మీ. మిగతా నియమాలు చిత్రకోట లెక్కలోవే. ఉదయం 7.00కి బయలుదేరినవారు ఎప్పుడు చేరుతారు? ఎప్పటిలోగా వెనక్కు తిరగాలి?
2. మీ ఊరి నుంచి 20 కి.మీ. లోపు ఒక సైకిల్ దారిని ఎంచుకోండి. పటం గీసి నీళ్లు, మరమ్మతు దొరికే చోట్లు, ప్రమాదకరమైన మలుపులు గుర్తించండి.
3. మీ ఊరికి యాత్రికులు వస్తే కలిగే లాభనష్టాలను పది వాక్యాలలో రాయండి.

17.11 జవాబులు

పాఠగత ప్రశ్నలు 17.1: 1. తక్కువ రద్దీ, దారి గుర్తులు, తిండి, బస, మరమ్మతు, ఊళ్లకు ఆదాయం. 2. లారీలు ఎక్కువ, కేశ్‌కాల్ ఘాట్ మలుపులు ఉన్నాయి. 3. ఒడిశాలోని కలహండి కొండల్లో పుట్టి గోదావరిలో కలుస్తుంది.

పాఠగత ప్రశ్నలు 17.2: 1. పంక్చర్ వంటి ఆటంకం వచ్చినా చీకటి పడకముందే చేరడానికి. 2. దారి పొడవునా టీకి, భోజనానికి, మరమ్మతుకు ఆగడం వల్ల.

పాఠాంత ప్రశ్న 1: తొక్కే కాలం 3 గంటల 36 నిమిషాలు, విశ్రాంతితో 4 గంటల 6 నిమిషాలు. 11.06కి చేరుతారు. 12.24లోగా వెనక్కు తిరగాలి. 2, 3 ప్రశ్నలకు జవాబులు మీరే రాసి, మీ అధ్యయన కేంద్రంలో తోటి అభ్యాసకులతో చర్చించండి.