టోటల్ లాస్ అన్న కారును ఉంచుకోవచ్చా?

ప్రశ్న: మొన్నటి వానకు మా గల్లీలో సీట్ల ఎత్తు నీళ్లు నిలిచి మా పదకొండేళ్ల స్విఫ్ట్ మునిగింది. బీమా కంపెనీ ‘టోటల్ లాస్’ అంటోంది. నాన్న కొన్న బండి, వదలబుద్ధి కావట్లేదు. ఉంచుకుని బాగు చేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, జహనుమా, హైదరాబాద్

జవాబు: ఉంచుకోవచ్చు. మరమ్మతు ఖర్చు ఐడీవీ (పాలసీలో బండికి కట్టిన విలువ)లో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్కిస్తారు. బండి మీరే ఉంచుకుంటే తుక్కు ధర తగ్గించి మిగతాది ఇస్తారు. ఐడీవీ 2,40,000, తుక్కు ధర 70,000, తప్పనిసరి మినహాయింపు 1,000 అనుకుంటే చేతికొచ్చేది 1,69,000 రూపాయలు. అందుకే తుక్కు ధర ఎలా కట్టారో గట్టిగా అడగండి.

ఆర్‌సీ రద్దు కాగితంపై తొందరపడి సంతకం పెట్టకండి. అది రద్దయితే, ఎంత బాగు చేయించినా బండి రోడ్డెక్కదు. ఆ సంగతి కంపెనీతో ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. క్లెయిముతో పాత పాలసీ ముగుస్తుంది కాబట్టి కొత్త బీమా లేకుండా బండి బయటికి తీయొద్దు.

ఈలోగా తాళం తిప్పకండి. సిలిండర్లలో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. మెకానిక్‌తో కార్పెట్ ఎత్తించి, వైరింగ్ కనెక్టర్లు విప్పించి చూడండి. పిన్నులకు ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటే ఖర్చు అక్కడితో ఆగదు. నెలల తర్వాత కూడా లైట్లు, సెన్సర్లు మొరాయిస్తాయి.

ఇంకో మాట: నాలుగేళ్లలో బండికి 15 ఏళ్లు నిండుతాయి, ఆర్‌సీ రెన్యువల్‌కు ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. మమకారంతోపాటు ఆ లెక్కా వేసుకోండి.